తాతయ్య ఉప్పు డబ్బా మీద నా దండయాత్ర

కాదండీ, హత్యాయత్నం అన్న మాట ఎంత పెద్దదో మా పిన్నికి అసలు తెలుసా? ఫ్యామిలీ గ్రూపులో ఎవరి పుట్టినరోజుకైనా నేను కేకు బొమ్మ పెడితే చాలు, కింద వెంటనే "హారికా, ఇందులో ఏం కలిపావమ్మా?" అని రాస్తుంది. దానికి పద్నాలుగు మంది పళ్ళికిలించిన బొమ్మలు. హత్యాయత్నానికి ఉద్దేశం ఉండాలి పిన్నీ. నాకున్నది ఉద్దేశం కాదు, ఫోన్లో సేవ్ చేసుకున్న నాలుగు వందల ఆరోగ్య రీల్స్. రెండిటికీ తేడా లేదూ?

సరే, జరిగింది మొత్తం చెప్తాను, మీరే తేల్చండి. మా తాతయ్యని నా చేతులతో నేనే పైకి పంపించేశానని నమ్మి, అమలాపురంలో ఓ ఆస్పత్రి వరండాలో బోరుమని ఏడ్చిన ఘోరమైన కథ ఇది. ముందే చెప్పేస్తున్నా, తాతయ్య బతికే ఉన్నాడు. ఇప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని "నా గురించి రాసేటప్పుడు లుంగీ అని రాయకమ్మడూ, పంచె అని రాయి" అంటున్నాడు కూడా. కాబట్టి మీరు కంగారు పడకండి. ఆ రోజు నేను పడ్డ కంగారు మనందరికీ సరిపోతుంది.

నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో. పోయినేడాది మా ఆఫీసు వాళ్ళు రెండు నెలలు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. రెండో రోజుకే మా అమ్మ "నీ అరుపులు నేను పడలేను, అమ్మమ్మ వాళ్ళింటికి పో" అని టికెట్ తీసి చేతిలో పెట్టింది. అలా మామిడికుదురు పక్క ఊళ్ళో ఉన్న మా తాతయ్య ఇంటికి చేరాను.

తాతయ్య పేరు వెంకటరత్నం. డెబ్భై రెండేళ్ళు. కొబ్బరి తోట, ఒక రొయ్యల చెరువు. పొద్దునా సాయంత్రం చెరువు గట్టు మీద నడుస్తూనే ఉంటాడు. చదివింది ఎనిమిదో తరగతి. అమ్మమ్మ పేరు మహాలక్ష్మి, చదివింది ఐదు. నేను చదివింది బీటెక్. ఈ లెక్క బట్టి ఆ ఇంట్లో తెలివైనదాన్ని నేనే అని తీర్మానించుకున్నాను. మీరైనా అదే అనుకునేవారు, అబద్ధం చెప్పకండి.

మొదటి రోజు పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే తాతయ్య పీట మీద కూర్చుని అన్నంలో మాగాయ కలుపుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తాతయ్యా! నీకు బీపీ కదా?"

"ఆయ్."

"మరి ఆ కంచంలో అదేంటి?"

"మాగాయ ముక్కమ్మా. తింటావా?"

"దాంట్లో ఎంత సోడియం ఉంటుందో తెలుసా?"

"ఉంటదమ్మా. అందుకే ఒక్క ముక్క. అదీ ఆదివారం ఒక్కరోజే..."

"అసలు బీపీ అంటే ఏంటో తెలుసా నీకు?"

తాతయ్య ముద్ద పక్కన పెట్టి, కుదురుగా చెప్పడం మొదలుపెట్టాడు. "చెరువుకి నీళ్ళు తోడే మోటారుంటదా? పైపు ఇరుకైపోయిందనుకో, మోటారు ఎక్కువ తన్నాలి. తన్నగా తన్నగా ఓ రోజు మోటారన్నా కాలిపోద్ది, పైపన్నా పగిలిపోద్ది. ఉప్పెక్కువ తిన్నామనుకో, ఒంట్లో నీరాగిపోద్ది, అప్పుడు..."

"నేను మనిషి గురించి అడుగుతున్నా తాతయ్యా, మోటారు గురించి కాదు!"

"ఆయ్," అని ముద్ద మళ్ళీ అందుకున్నాడు.

(తర్వాత అమలాపురంలో డాక్టరమ్మ కూడా నాకు అచ్చం అదే మోటారు, అదే పైపు చెప్పింది. అప్పుడు మాత్రం నేను బుద్ధిగా తలూపి నోట్సు రాసుకున్నాను.)

ఆ పూటే నా రీల్స్ అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, జిమ్ములో డంబెల్ పట్టుకున్న ఒకాయన, వెనకాల సముద్రం పెట్టుకున్న ఒకావిడ, ముగ్గురూ ఒకే మాట చెప్పారు. సోడియం తక్కువున్న ఉప్పు వాడండి, కొబ్బరి నీళ్ళు తాగండి, బీపీ దెబ్బకి దిగుతుంది. కోనసీమలో కూర్చుని కొబ్బరి నీళ్ళకి వెతుక్కోవాలా చెప్పండి! దేవుడే నన్ను ఇక్కడికి పంపించాడనుకున్నాను. ఉప్పు ఆర్డర్ పెట్టేశాను.

మూడో రోజుకి పాకెట్టు వచ్చింది. ఎంత ముచ్చటగా ఉందో! ముందు వైపు పచ్చటి ఆకు, ఆకు మీద ఎర్రటి గుండె, గుండె పక్కన ముప్ఫై రెండు పళ్ళతో నవ్వుతున్న ఒక ముసలాయన. వెనక వైపు చీమల బారులా ఏవో సన్నటి అక్షరాలున్నాయి. ఉంటాయి కదా, ప్రతి పాకెట్టు వెనకా ఉంటాయి. ఎవరు చదువుతారండీ?

తాతయ్య చదువుతాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. చేతికి ఏ కాయితం దొరికినా వదలడు. రొయ్యల మేత బస్తా మీదున్నది చదువుతాడు, మాత్రల డబ్బాలో మడత పెట్టిన కాయితం చదువుతాడు, ఆఖరికి బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్క కూడా నూనె తుడిచి చదువుతాడు.

"కళ్ళజోడు ఇలా ఇవ్వవే మాలక్ష్మీ," అని పాకెట్టు తిరగేసి అరుగు మీద కూర్చున్నాడు. నేను మురిసిపోయాను. మనవరాలు తెప్పించిందని ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో అనుకున్నాను.

"అమ్మడూ, ఇక్కడ వెనకాల ఏంటంటే..."

"తాతయ్యా, నాకు కాల్ ఉంది. రేపట్నుంచి ఇంట్లో ఇదే ఉప్పు. వాదనలొద్దు. సరేనా?"

"ఆయ్."

పాత ఉప్పు డబ్బా నేనే బోర్లించి, కొత్త ఉప్పు పోసి, డబ్బా మీద స్కెచ్చు పెన్నుతో గుండె బొమ్మ వేశాను. ఫ్రిజ్ మీద టైం టేబుల్ అంటించాను. ఏడింటికి కొబ్బరి నీళ్ళు, పదకొండింటికి కొబ్బరి నీళ్ళు, నాలుగింటికి కొబ్బరి నీళ్ళు. కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన మనిషిని బతిమాలి రెండు బొండాల గెలలు దింపించాను. మూడు పూటలా నా ఫోన్లో అలారం మోగుతుంది, నేను గ్లాసు తీసుకెళ్తాను, తాతయ్య ఒక గుక్క తాగుతాడు, నేను వీడియో తీస్తాను, ఈలోపు ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, నేను పరిగెత్తుతాను. "తాతయ్య ఆరోగ్య సవాలు, అయిదో రోజు", "ఆరో రోజు" అని రీల్స్ పెట్టాను. అంతకు ముందు నా రీల్సు మా పిన్ని తప్ప ఎవరూ చూడలేదు. వీటిని మాత్రం జనం తెగ చూశారు. ఆయన మీసాలకి అభిమానులు తయారయ్యారు.

భోజనాల దగ్గర ఒక్కటే ఇబ్బంది. కొత్త ఉప్పు కూరలో వేస్తే చివర్లో నాలిక మీద చిన్న చేదు తగిలేది. అయినా నేను మొహం చిట్లించకుండా తినేదాన్ని. ఆరోగ్యం అన్నాక ఆ మాత్రం చేదు ఉండదూ!

"తాతయ్యా, నీకు చేదుగా ఉందా?"

"ఎక్కడమ్మడూ? అమృతంలా ఉంది," అనేవాడు, వేళ్ళు నాకుతూ.

చూశారా, ఎంత ఓర్పో అనుకునేదాన్ని. అమ్మమ్మ ఎందుకో ఆ మాటకి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. దగ్గేమో అనుకుని మిరియాల కషాయం రీల్ ఒకటి సేవ్ చేశాను.

ప్రతి సోమవారం తాతయ్య ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సమ్మ గారి దగ్గర బీపీ చూపించుకుని, వచ్చి గోడ మీద క్యాలెండర్లో పెన్సిల్‌తో రాసుకుంటాడు. రెండో సోమవారం నూట ముప్ఫై బై ఎనభై. నేను ఆ క్యాలెండర్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి కింద "ఎనీ డౌట్స్?" అని రాశాను. అంతకు ముందు పేజీలు తిప్పి ఉంటే, నేను రాక ముందు ఆరు నెలలూ కూడా అదే అంకె అటూ ఇటూగా ఉందని తెలిసేది. నేను తిప్పలేదు. క్యాలెండర్‌లో వెనక పేజీలు ఎవరు చూస్తారండీ?

ఆరోగ్య సవాలు పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం. మబ్బు పట్టి ఉంది. నేను మంచం మీద బోర్లా పడుకుని, మసాలా చిప్స్ నములుతూ నా రీల్ కింద కామెంట్లు చదువుకుంటున్నాను. "తాతగారు సూపర్", "మీసం అదుర్స్", "గ్లాసు ఎక్కడ కొన్నారు?" వాటి మధ్యలో ఎవరో ఒకావిడ, ప్రొఫైల్ బొమ్మ కూడా లేదు, నిదానంగా ఇలా రాసింది. "తాతగారు బీపీకి మాత్ర వేసుకుంటారా? ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కొబ్బరి నీళ్ళలోనూ పొటాషియమే. కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని ఒంట్లోంచి పోనివ్వవు. మూడూ కలిస్తే గుండెకి ప్రమాదం. డాక్టర్ని అడిగారా?"

నాకు కోపమొచ్చింది. ఉచిత సలహాలిచ్చే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. (నవ్వకండి.) "మీ పని మీరు చూసుకోండి" అని సగం టైపు చేసి, ఎందుకైనా మంచిదని ఫోన్లో వెతికాను.

వెతక్కుండా ఉండాల్సింది. నీరసం, కాళ్ళలో సత్తువ లేకపోవడం, తిమ్మిర్లు, గుండె కొట్టుకోవడం నెమ్మదించడం, ఆ తర్వాత వాక్యం చదవలేకపోయాను. చిప్స్ పాకెట్టు అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను.

తాతయ్య వసారాలో పడక కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"తాతయ్యా! తాతయ్యా! ఎలా ఉంది నీకు?"

కళ్ళు తెరిచాడు. "బానే ఉందమ్మా. ఏమైంది?"

"కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"పొద్దుటి నుంచీ చెరువు గట్టు మీదే తిరిగేను కదా, కొంచెం లాగుతున్నాయి."

"చేతులు? తిమ్మిరి ఉందా?"

"ఈ కుడి చెయ్యి ఎక్కిందమ్మా. ఇందాకట్నుంచి తల కింద పెట్టుకుని పడుకున్నాను కదా."

రెండో వాక్యం నా చెవికి ఎక్కలేదు. అలమారలోంచి మాత్రల అట్ట లాగి చూశాను. పేరు చివర్లో "సర్టాన్" అని ఉంది. ఫోన్లో, పొటాషియాన్ని పోనివ్వని మాత్రల జాబితాలోనూ "సర్టాన్" అనే ఉంది. నేను పెట్టిన కేకకి పక్కింటి కోళ్ళు గోడ దూకాయి.

"అమ్మమ్మా! ఆస్పత్రికి పదండి! తాతయ్య గుండె ఆగిపోతోంది!"

"ఎవరి గుండె?" అన్నాడు తాతయ్య, లేచి నిలబడి.

"నిలబడకు! కూర్చో! మాట్లాడకు!"

"అది కాదమ్మడూ, నువ్వు ఆ ఉప్పు గురించైతే..."

"మాట్లాడకు అన్నానా! గుండె అలిసిపోతుంది!"

"ఆయ్," అని కూర్చున్నాడు.

అమ్మమ్మ నన్ను ఒకసారి, తాతయ్యని ఒకసారి చూసింది. "ఏవండీ, ఎలాగూ ఈ వారంలో రక్తపరీక్షకి వెళ్ళాలి కదండీ. అదేదో ఇవాళే అయిపోద్ది. దాని ప్రాణం కుదుటపడద్ది," అని తాపీగా లోపలికి వెళ్ళి, చీరల కొట్టు ప్లాస్టిక్ కవరొకటి చంకలో పెట్టుకుని, తాతయ్యకి ఉతికిన చొక్కా తెచ్చింది. ఇంట్లో మనిషి పోతుంటే ఇస్త్రీ చొక్కా వెతికే ఆవిడని చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ఎదురింటి సత్తిబాబు ఆటో తీశాడు.

"ఏమైందండి అయ్యగారికి?"

"పొటాషియం ఎక్కువైపోయింది సత్తిబాబుగారూ, తొందరగా పోనివ్వండి!"

సత్తిబాబు బండి స్టార్ట్ చేసి, వెనక్కి తిరిగి తాతయ్య వంక చూశాడు. "పొటాషియం ఎక్కువైందాండి? భలేవోరండి. మా బావమరిది చెరువులో అదే తక్కువై రొయ్యలన్నీ వంకర్లు తిరిగిపోతున్నాయండి. నిన్ననే రెండు బస్తాలు పొటాష్ వేయించేను."

"ఎకరానికి ఎంత వేయించేవు?" అన్నాడు తాతయ్య ఆసక్తిగా.

"తాతయ్యా!"

"ఆయ్, ఆయ్. మాట్లాడనమ్మా."

"నీళ్ళు పరీక్ష చేయించి వేసేవా, ఊరికే వేసేసేవా అని అడగండి," అని అమ్మమ్మ మధ్యలో అందించింది.

"అదేంటండి అమ్మగారూ, పరీక్ష చేయించకుండా ఎవడన్నా వేస్తాడాండి? మరీ అంత తెలివితక్కువోళ్ళమాండి!"

నేను ఏమీ వినలేదు. వైనతేయ మీద వంతెన దాటుతుంటే కింద గోదారి, పైన మబ్బు, మధ్యలో నేను తాతయ్య మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతున్నాను. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా లెక్క తప్పి, "ఆగింది! ఆగింది!" అని అరుస్తున్నాను. వంతెన మధ్యలో తాతయ్య మళ్ళీ మెల్లగా "అమ్మడూ, ఒక్క మాట చెప్పనిస్తే..." అన్నాడు. నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. ఆ చేతికి ఇంకా చిప్స్ మసాలా అంటుకుని ఉంది. పాపం, ఆయన తుమ్మాడు. తుమ్ము కూడా లక్షణమేనేమోనని ఫోన్లో చూశాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తలెత్తి చూసేసరికి, తాతయ్య ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నిలబడి నమస్కారం పెడుతున్నాడు. నేను ఆయన భుజానికి వేలాడుతూ ఎక్కిళ్ళు పెడుతున్నాను.

"రండి. పేషెంటు ఈ అమ్మాయేనా?"

"నేను కాదు డాక్టర్! తాతయ్య! నేనే ఆయన్ని..." అని మొత్తం చెప్పేశాను. రీల్స్, ఉప్పు, బొండాలు, మీసాల అభిమానులు, అన్నీ. ఆవిడ ఓపిగ్గా విని అడిగింది.

"బీపీకి ఏ మాత్ర వేసుకుంటారు?"

"సర్టాన్... ఏదో సర్టాన్."

"ఎంత మోతాదు?"

నేను అమ్మమ్మ వంక చూశాను.

"కిడ్నీ పరీక్ష ఆఖరుసారి ఎప్పుడు చేయించారు? క్రియాటినిన్ ఎంతుంది?"

అలవాటు కొద్దీ చెయ్యి ఫోను మీదకి పోయింది. తాతయ్య కిడ్నీ సంగతి నా ఫోన్లో ఎందుకుంటుందండీ?

అమ్మమ్మ చీరల కొట్టు కవరు విప్పింది. అందులో ఒక ఫైలు. అందులో తారీఖుల వారీగా కాయితాలు. "ఇదిగోనండి డాక్టరమ్మగారూ. మూడు నెలలకోసారి చేయిస్తామండి, ఇది పోయినసారిది. మాత్ర పొద్దున్న టిఫినయ్యేక ఒకటండి. ఒక్క రోజు కూడా మానలేదండి. అసలు ఆ ఉప్పు సంగతేంటంటేనండి..."

"అమ్మమ్మా! ఆ నేరం నాది, నేను చెప్పాను కదా!" అని అరిచాను.

డాక్టరమ్మ ఫైలు తిరగేస్తూ "మా పేషెంట్లందరూ ఇలా ఉంటే నాకు సగం పని తగ్గిపోయేది," అంది. ఆ తర్వాత ఈసీజీ తీయించి, రక్తం తీయించి, "ఈసీజీ బావుంది. రక్తం రిపోర్టుకి గంట పడుతుంది. బయట కూర్చోండి," అంది.

ఆ గంట ఉందే, అది గంట కాదండీ, మా ఆఫీసు మీటింగు లాంటిది, ఎంతకీ అవదు. వరండాలో బల్ల మీద తాతయ్య మధ్యలో, మేమిద్దరం చెరో పక్కన. నా చిన్నప్పుడు వేసవి సెలవులకొస్తే, ఈయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెరువు గట్టంతా తిప్పేవాడు. ఆ భుజం ఇప్పుడు నా చెంపకి ఆనుకుని ఉంది. రిపోర్టులో ఏ అంకె వస్తుందో తెలీదు. జీవితంలో మొదటిసారి ఫోను బ్యాగులో పడేశాను.

"తాతయ్యా, నిన్ను నేనే చంపేస్తున్నాను," అని ఏడ్చాను.

"ఇప్పుడన్నా మాట్లాడొచ్చా అమ్మడూ?" అన్నాడు తాతయ్య.

తల ఊపాను.

"ఆ ఉప్పు నేను తినలేదమ్మా."

"ఏంటి?"

"ఒక్క చిటికెడు కూడా తినలేదు. పాకెట్టు వచ్చిన రోజే వెనకాల చదివేను. పొటాషియం క్లోరైడ్ అని ఉంది. ఇదేంటి, మనం చెరువులో వేసే పొటాషే కదా, కొబ్బరి చెట్ల మొదట్లో వేసేదీ ఇదే కదా అనుకున్నాను. దాని కిందే, కిడ్నీ జబ్బున్నోళ్ళు, బీపీ మాత్రలు వాడేవోళ్ళు డాక్టర్ని అడిగి వాడాలని కూడా రాసేరు. రొయ్యకి వేసేటప్పుడే నీళ్ళు పరీక్ష చేయించి వేస్తాం. మనిషికి చూడకుండా ఎలా వేసుకుంటామే?"

నా ఏడుపు సగంలో ఆగిపోయింది.

"పాకెట్టు పట్టుకెళ్ళి నర్సమ్మగారిని అడిగేను. మీ మాత్రకి ఇది పడదండి, ముట్టుకోకండి అన్నారు. అందుకని మీ అమ్మమ్మ నా కూర వేరే గిన్నెలో వండుతుంది, మామూలు ఉప్పుతోటే, తగ్గించి."

"మరి కొబ్బరి నీళ్ళు?"

"నువ్వు వీడియోకి తీసిన ఆ ఒక్క గుక్కే. మిగతాది అరటి పాదులో పోసేవాణ్ణి. ఈసారి గెల చూడు, ఎంతుందో!"

"మరి ఆ కొత్త ఉప్పు ఏమైంది?"

తాతయ్య అమ్మమ్మ వంక చూశాడు. అమ్మమ్మ గోడ మీద బల్లి వంక చూసింది.

"నువ్వు ముచ్చటపడి తెప్పించుకున్నావు కదా తల్లీ," అంది చివరికి. "పారేయడానికి మనసొప్పలేదు. వయసులో ఉన్న పిల్ల, ఏ జబ్బూ లేదు, ఏ మాత్రా వేసుకోదు, దానికి పర్లేదాండి అని నర్సమ్మగారిని అడిగేను. పర్లేదన్నారు. నీ కూరలో వేసేను."

పద్దెనిమిది రోజులు! పద్దెనిమిది రోజుల చేదు ఒక్కసారిగా నాలిక మీదకొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. వరండాలో జనమంతా తిరిగి చూశారు.

"ఇదిగో, ఇందుకే," అన్నాడు తాతయ్య మెత్తగా. "ఎన్నిసార్లు నోరు తెరిచేనో నువ్వే లెక్కపెట్టుకో. నువ్వు కసురుతావు, నేను ఆయ్ అంటాను. నాక్కూడా ఒకప్పుడు ఏమీ తెలీదమ్మా. బీపీ తగ్గింది కదాని మాత్ర మానేసి, చెరువు గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయేను. అప్పుడు ఆ నర్సమ్మగారే గంట సేపు కూర్చుని, నా మోటారు భాషలోనే చెప్పేరు. చెప్పి వదిలేయలేదు. 'ఇప్పుడు మీరు చెప్పండి, ఏం అర్థమైందో' అని నా చేత చెప్పించేరు. అప్పట్నుంచి ఏ కాయితమన్నా చదవకుండా ఒంట్లోకి పంపను."

అప్పుడే పిలిచారు. పొటాషియం నాలుగు పాయింట్ మూడు. ఉండాల్సినంతే. బీపీ, కిడ్నీ, అన్నీ బంగారం. నేను కుర్చీలో కూలబడ్డాను. సంతోషమో, నీరసమో, పరువు పోయిన బాధో నాకే తెలీలేదు. మూడూ కలిపి అనుకోండి, అందులో సంతోషం పాళ్ళు ఎక్కువ.

"తాతగారికి ఏ ఢోకా లేదు," అంది డాక్టరమ్మ. "నీ మొహం ఏంటమ్మా అంత ఎర్రగా ఉంది? చెయ్యి ఇలా ఇవ్వు."

చేతికి పట్టీ చుట్టింది. బుస్సుమని గాలి పోయింది. ఆవిడ కనుబొమ్మలు పైకెళ్ళాయి.

"నూట యాభై ఎనిమిది బై తొంభై ఎనిమిది."

"అది కంగారు వల్ల డాక్టర్!"

"సరే, పది నిమిషాలు కూర్చుని రా."

కూర్చున్నాను. మళ్ళీ చూసింది. నూట నలభై ఆరు బై తొంభై రెండు.

"ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"లేదు."

"రోజుకి ఎంత నడుస్తావు?"

"చార్జర్ దాకా."

"చిరుతిళ్ళు ఏం తింటావు?"

నేను నా వేళ్ళకి అంటిన మసాలా చున్నీకి తుడుచుకున్నాను. తాతయ్య ముందుకు వంగి, "ఒక్క రోజు చూసి చెప్పలేం కదండీ డాక్టరమ్మగారూ? వారం రోజులు రాసుకుని తీసుకొస్తామండి," అన్నాడు. "ఆయ్, అంతేనండి" అన్నట్టు ఆవిడ తలూపి, మోటారూ పైపూ నాకు మొదట్నుంచి చెప్పింది. నోట్సు రాసుకున్నది అప్పుడే.

తిరుగు దారిలో, ఆటోలో తాతయ్య నా వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మడూ, ఏం అర్థమైందో."

"ఉప్పు తగ్గించాలి. నడవాలి. పాకెట్టు వెనకాల చదవాలి. అడక్కుండా ఎవరికీ ఏదీ పెట్టకూడదు."

"ఇంకోటి మర్చిపోయేవు."

"ఏంటి?"

"అరవకూడదు."

"నేనెక్కడ అరుస్తున్నాను!" అని అరిచాను. సత్తిబాబు బ్రేకు వేశాడు.

ఇంటికొచ్చాక మంచం మీదున్న చిప్స్ పాకెట్టు తిరగేసి, వెనకాల చీమల బారు, అందులో సోడియం అంకె, మొదటిసారి చదివాను. తాతయ్య మాగాయ ముక్కని నేను అనరాని మాటలన్నానని అప్పుడు తెలిసింది. మర్నాడు క్యాలెండర్లో తాతయ్య అంకెల పక్కన నా అంకెలు కూడా పెన్సిల్‌తో చేరాయి. అమ్మమ్మ నా పేరు రాసిన కొత్త ఫైలొకటి తయారుచేసింది, దాన్నీ చీరల కొట్టు కవర్లోనే పెట్టింది. పొద్దున్నే ఆరింటికి నన్ను లేపి చెరువు గట్టు మీద నడిపించేది ఎవరో చెప్పక్కర్లేదు కదా. ముందు ఆయన, వెనక రొప్పుతూ నేను. నాలుగో వారానికి నా అంకె నూట ఇరవై ఎనిమిదికి దిగింది. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టింది మా తాతయ్య. కింద "ఎనీ డౌట్స్?" అని తెలుగులో రాశాడు.

ఆ రీల్ కింద కామెంటు పెట్టిన ఆవిడకి మాత్రం క్షమాపణ రాశాను. "తాతగారు బావున్నారా?" అని అడిగింది. "మీసంతో సహా" అని జవాబిచ్చాను.

ఇందుమూలంగా సమస్త బంధుమిత్రులకూ, ముఖ్యంగా మా పిన్నికీ తెలియజేయునది ఏమనగా, హారిక అనబడే నేను, మా చెరువు మీద ఒట్టు, అందులోని రొయ్యలన్నిటి సాక్షిగా, ఇకమీదట ఏ పాకెట్టునైనా వెనక వైపు చదవకుండా, డాక్టర్నో నర్సమ్మనో అడక్కుండా, పెద్దవాళ్ళు చెప్పేది పూర్తిగా వినకుండా ఎవరి వంటింట్లోనూ కాలు పెట్టను. గుండె బొమ్మ ఉన్న డబ్బాలకి దూరం నుంచి నమస్కారం పెట్టి వదిలేస్తాను.

ఇక లెక్క మీరే చూడండి. తాతయ్య ఆ ఉప్పు చిటికెడు ముట్టలేదు, అమృతంలాంటి కూర తిన్నాడు. అరటి చెట్టు నా బొండాలు తాగి గెల వేసింది. చేదు కూర తిన్నది నేను, ఏడ్చింది నేను, చిప్స్ పోగొట్టుకున్నది నేను, తెల్లారకుండా గట్టు మీద పరిగెత్తిందీ నేనే. ఇంత జరిగాక కూడా ఈ కేసులో బాధితురాలు నేను కాదని అనగలిగే వాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?